చెరువు గట్టు కెమెరా వీడియో పరుగులు పెడుతోంది: ఫ్రేం రేటు సరిచేయడం ఎలా?

ప్రశ్న (ఆకివీడు నుంచి)

మా రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా ఉంది. దానికీ, వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టెకూ ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా రికార్డింగ్ ఆగదు. ఈ మధ్య తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయాయి. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అదే కదండీ. జనరేటర్ వేయడానికి పది నిమిషాలు పట్టిందని చెరువు చూసుకునే మామయ్య అంటున్నారు. పెన్‌డ్రైవ్‌లోకి దించిన వీడియోను వీఎల్‌సీ ప్లేయర్‌లో పెడితే ఆరు నిమిషాలకే ఏరేటర్ చక్రాలు మళ్లీ తిరుగుతున్నాయి. మనుషులు కూడా పాత మూకీ సినిమాలో లాగా గబగబా నడుస్తున్నారు. ఫ్రేం రేటు, అంటే సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య, 25 అని చూపుతోంది, మొత్తం నిడివి అసలు చూపడం లేదు. ఫైలు పేరు చివర .264 అని ఉంది. కంప్యూటర్ పాతది కావడం వల్ల ఇలా అవుతుందా? కొత్తది కొనమని ఇంట్లో అంటున్నారు.

జవాబు (పాలకొల్లు నుంచి)

కంప్యూటర్ కొనకండి. యంత్రం నెమ్మదిస్తే వీడియో ఆగి ఆగి వస్తుంది గానీ ఇలా వేగం పుంజుకోదు. మీ మామయ్యగారి మాటే నిజమై ఉండాలి. ఆ 25 ప్లేయర్ కొలిచి చెప్పిన అంకె కాదు, ఊహించుకున్నది.

ఎంపీ4, ఎంకేవీ లాంటి ఫైళ్లలో ఏ ఫ్రేము ఏ క్షణంలో కనిపించాలో రాసి ఉంటుంది. మీ .264 ఫైలు అలాంటి కంటెయినర్ (వీడియోనూ వేళలనూ కలిపి ఉంచే పొట్లం) లేని ముడి హెచ్.264 వీడియో. బొమ్మలు వరుసగా ఉంటాయి, వాటి వేళలు ఉండవు. ఫ్రేం రేటు రాసుకోవడానికి హెచ్.264లోనే ఒక చోటు ఉంది, కానీ నింపి తీరాలన్న నియమం లేదు. మీ డీవీఆర్ దాన్ని ఖాళీగా వదిలేసి ఉంటుంది. అలాంటప్పుడు ప్లేయర్ 25 అనుకుని నడిపిస్తుంది. నిడివి కనిపించకపోవడానికీ కారణం ఇదే.

అసలు రేటు పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. బొమ్మ మూలన డీవీఆర్ వేసే తేదీ, గడియారం ఉంటాయి కదా. ఆ గడియారంలో ఒక నిమిషం గడవడానికి ఎంతసేపు పడుతోందో ఫోను స్టాప్‌వాచ్‌తో చూడండి. 36 సెకన్లు వస్తే 25ను 36తో గుణించి 60తో భాగించండి. 15 వస్తుంది. పది నిమిషాలు ఆరయ్యాయంటే మీది దాదాపు ఇదే లెక్క.

ఇప్పటికిప్పుడు చూడటానికైతే వీఎల్‌సీలో వేగాన్ని 0.60కి తగ్గిస్తే చాలు. ఎడమ చదరపు బ్రాకెట్ మీటతో కొద్దికొద్దిగా తగ్గుతుంది. ప్రిఫరెన్సెస్‌లో అన్ని అమరికలూ తెరిచి, డీమక్సర్ల కింద హెచ్264 దగ్గర సెకనుకు ఎన్ని ఫ్రేములో రాసే గడి కూడా ఉంది. నేనైతే దాన్ని ముట్టుకోను. రేపు వేరే రేటున్న ముడి ఫైలు తెరిచినా అదే అంకె పట్టుకుని కూర్చుంటుంది.

ఫైలునే బాగుచేయడం మేలు. ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఫైలును అందులో చేర్చి, వీడియో ట్రాక్ ఎంచుకోండి. కుడివైపు డీఫాల్ట్ డ్యూరేషన్ గడిలో 15 అని కొట్టి, ఖాళీ వదలకుండా ఎఫ్, పీ, ఎస్ అనే చిన్న ఇంగ్లిష్ అక్షరాలు కొట్టండి. ఆ దగ్గరలోనే బిట్‌స్ట్రీమ్ టైమింగ్‌ను సరిచేసే గడి ఉంటుంది, అక్కడా టిక్కు పెట్టండి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, అంటే బొమ్మలను కొత్తగా కుదించి రాయదు కాబట్టి బొమ్మ నాణ్యత చెక్కుచెదరదు, పని కూడా త్వరగా అయిపోతుంది. కొత్త ఎంకేవీ ఫైలులో నిడివీ కనిపిస్తుంది, కావలసిన చోటికి జరుపుకోనూ వచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. గడియారం పట్టి చూస్తే 15 వచ్చింది, ఎంకేవీ కూడా చేశాను. మామయ్య మాటే నిలిచింది. అయితే చీకట్లో ఉన్న భాగం ఇప్పుడు కూడా గడియారం కంటే కొంచెం ముందే నడుస్తోంది. తెల్లారాక సరిగ్గా ఉంది.

జవాబు (పాలకొల్లు నుంచి)

అది కెమెరా పని. వెలుతురు చాలనప్పుడు కొన్ని కెమెరాలు షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి. దాంతో సెకనుకు వచ్చే ఫ్రేములు తగ్గుతాయి. కొన్ని డీవీఆర్‌లలో కదలిక కనిపించినప్పుడు ఒక రేటు, మామూలప్పుడు మరో రేటు పెట్టే వీలు కూడా ఉంటుంది. ఏదైనా సరే, ఒక్క అంకె ఫైలు మొత్తానికి అతకదు. చీకటి భాగాన్ని విడిగా దించుకుని దాని రేటు విడిగా కొలవండి. లేదా డీవీఆర్‌లోంచే ఎంపీ4గా దించే అవకాశం ఉందేమో చూడండి. వేళలు అందులోనే వచ్చేస్తే ఈ తంటా ఉండదు.

మరో సభ్యుడు (అంబాజీపేట నుంచి)

మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫోనులో తీశాను. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఫ్రేం రేటు 29.87 అని, వేరియబుల్ అని ఉంది. ఫోనులో బాగానే ఆడుతోంది, ఎడిటింగ్‌లో పెడితే మాత్రం డప్పు మోత ఒకవైపు, కర్ర పడటం ఒకవైపు. నేనూ ఎంకేవీటూల్‌నిక్స్‌లో 30 అని కొట్టేయనా?

జవాబు (పాలకొల్లు నుంచి)

వద్దండీ! మీది పూర్తిగా వేరే జబ్బు. వారి ఫైలులో వేళలే లేవు, మీ ఫైలులో ఉన్నాయి, అవి సరైనవే. వెలుతురును బట్టి, ఫోను మీద పడే భారాన్ని బట్టి ఫ్రేముల మధ్య వ్యవధి మారుతూ ఉంటుంది. 29.87 దాని సగటు మాత్రమే. 30 అని రుద్దితే ఉన్న మంచి వేళలు పోయి, ఇప్పుడు బాగా ఆడుతున్న ఫోనులో కూడా శబ్దం తప్పుతుంది. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌కు వెళ్లి 30, కాన్‌స్టంట్ ఫ్రేం రేట్ ఎంచుకుని కొత్త ఫైలు చేయించండి. ఇది మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది కాబట్టి సమయం పడుతుంది. ఆ కొత్త ఫైలును ఎడిటింగ్‌లో పెట్టుకోండి.

ఆకివీడు వారికి ఇంకొక మాట. కరెంటు ఎన్నింటికి పోయిందో ఎవరికైనా చెప్పే ముందు డీవీఆర్ గడియారాన్ని ఫోను గడియారంతో పోల్చి చూసుకోండి. ఎంతసేపు అన్నది ఇప్పుడు సరిపోయినా, ఎన్నింటికి అన్నది తప్పి ఉండవచ్చు. అసలు .264 ఫైలును కూడా చెరిపేయకండి. రేటు లెక్కలో తేడా వస్తే మళ్లీ దాని నుంచే మొదలుపెట్టాలి.