అప్‌డేట్: సారా వాన్ లైవ్ ఆల్బమ్‌లో బేస్ వినపడట్లేదని అడిగింది నేనే

పోయిన వారం అడిగాను కదా, అమెరికన్ జాజ్ గాయని సారా వాన్ 1957 ఆగస్టులో షికాగో మిస్టర్ కెల్లీస్ క్లబ్‌లో పాడిన లైవ్ ఆల్బమ్‌లో పియానో, గొంతు తప్ప ఏమీ వినపడట్లేదు, రికార్డింగే బాలేదా అని. రికార్డింగ్‌ది తప్పేం కాదండి, తప్పు నా ఫోన్ స్పీకర్‌ది. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది, బేస్ అంటే ఇదే) అన్నిటికన్నా కింది స్వరం తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత చిన్న స్పీకర్ అంత కిందకి దిగలేదు. ఇక్కడ ఒకరు చెప్పినట్టు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిసారి పాట వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకుని విన్నా. అబ్బ, బేస్ వాయించిన రిచర్డ్ డేవిస్ ఎక్కడున్నాడో అప్పుడు తెలిసింది! రాయ్ హేన్స్ డ్రమ్స్ మీద కర్రలకి బదులు బ్రష్‌లతో రుద్దుతుంటే ఆ సర్‌సర్ శబ్దం కూడా వినపడుతోంది, జిమ్మీ జోన్స్ పియానో అయితే ఆమె ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు వేసి మళ్లీ తప్పుకుంటాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది విల్లో వీప్ ఫర్ మీ అనే పాట. మధ్యలో ఏదో తేడా వస్తే ఆమె ఆపలేదు, పాట పాడైపోయిందనే సంగతినే అదే ట్యూన్‌లో మాటలు కట్టి పాడేసింది, జనం నవ్వులు, వెనక ముగ్గురూ తాళం వదల్లేదు. స్టూడియోలో అయితే ఇంకో టేక్ తీసుకునేవాళ్లు, మనకిది దక్కేదే కాదు. ఇప్పటికి ఆ ఒక్క పాటే ఆరేడుసార్లు విన్నా. బేస్ పట్టుకుని వినమన్నవాళ్లకి చాలా చాలా థాంక్స్ అండి.