మగచేపకి పాలు రావట్లేదు, డ్రెయిన్ నీళ్ల వల్లేనా?

కొల్లేటికొంగ:
కైకలూరు దగ్గర మాకు చిన్న హేచరీ ఉందండి. శీలావతి, బొచ్చె పిల్ల తీస్తాం. మగదో ఆడదో చెప్పడానికి నాకు కళ్లక్కర్లేదు, వేలు చాలు. పక్కరెక్క గరుకుగా తగిలితే మగది, నున్నగా జారితే ఆడది. మగదాని పొట్ట మెల్లగా నొక్కితే చిక్కటి పాలు, అంటే వీర్యం, రావాలి. ఈ సీజన్లో ఒక చెరువులో చేపలకి రెక్క గరుకే గానీ, నొక్కితే పల్చగా రెండు చుక్కలు, అంతే. కాలవ కట్టేశారని ఆ చెరువుకి టౌను మురుగు కలిసే డ్రెయిన్లోంచి నీళ్లు తోడాను. మా అల్లుడేమో "మావయ్యా, గర్భం రాకుండా వేసుకునే మాత్రల మందు మురుగులో కలిసి మగచేపల్ని ఆడవి చేస్తుందంట" అంటున్నాడు. ఫోన్లో వచ్చిందల్లా నమ్మే రకం వాడు. ఇందులో నిజమెంత?

మైక్రోస్కోపు మాస్టారు:
మీ అల్లుడిది అబద్ధం కాదండి. మీ చెరువుకి అప్పుడే అంటగట్టడం తొందరపాటు, అంతే.

కెనడాలో, ఒంటారియో వాయవ్యాన, పరిశోధనలకే కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో 260వ నంబరు సరస్సులో కారెన్ కిడ్ బృందం 2001 నుంచి 2003 దాకా మూడు వేసవులు ఆ మాత్రల్లోని ఈస్ట్రోజెన్నే, అంటే ఆడ హార్మోన్నే, కలిపింది. లీటరుకి 5, 6 నానోగ్రాములు. మన లెక్కలో ఎకరం చెరువు, ఐదడుగుల నీళ్లు అనుకోండి, సుమారు 60 లక్షల లీటర్లు. దానికి 30 మిల్లీగ్రాములు, అంటే ఓ వెయ్యి మాత్రల్లో ఉండే మందు. అక్కడ ఫాట్‌హెడ్ మిన్నో అని మన పరిగెలంత చేప ఉంటుంది. దాని మగవాటి కాలేయం గుడ్డు సొనకి కావలసిన ప్రొటీన్ని, వైటెల్లోజెనిన్‌ని, తయారుచెయ్యడం మొదలెట్టింది. ఆ జీన్ మగదానిలోనూ ఉంటుంది, ఈస్ట్రోజెన్ వచ్చి తట్టిలేపేదాకా నిద్రలో ఉంటుంది. కొన్నిటి వృషణాల్లో గుడ్లే కనబడ్డాయి. పెద్దచేపలు కుప్పలుగా చచ్చింది లేదు, పిల్ల పుట్టడం ఆగిపోయింది. రెండుమూడేళ్లు బతికే చేప కదా, సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మందు ఆపాక కొన్నేళ్లకి కోలుకుంది.

ఇంగ్లండ్ నదుల్లో ఎవరూ పనిగట్టుకుని కలపకుండానే ఇది జరిగింది. మురుగుశుద్ధి కేంద్రాల దిగువన రోచ్ చేపల్లో (శీలావతికి దూరపు చుట్టం) ఇలా సగం మగ, సగం ఆడ అయినవి చాలాచోట్ల ఉన్నాయని 1998లో బ్రూనెల్ యూనివర్సిటీ వాళ్లు బయటపెట్టారు. మాత్రల్నే ఆడిపోసుకుంటాం గానీ, మనుషుల ఒంట్లో సహజంగా తయారయ్యే ఈస్ట్రోజెన్ల వాటా పెద్దది. ఒంట్లోంచి పోయేటప్పుడు అవి చాలావరకు పనిచేయని రూపంలోనే పోతాయి. మురుగులోని బ్యాక్టీరియా ఆ తొడుగు ఊడదీసి మళ్లీ పదును పెడుతుంది. కొన్ని డిటర్జెంట్లు విరిగితే వచ్చే నోనైల్‌ఫినాల్ అనే, ఈస్ట్రోజెన్‌లా నటించే రసాయనం కూడా తోడు.

అలాంటి స్లైడు చదువుకునే రోజుల్లో చూశాను. ఊదారంగు ఆవాలు చల్లినట్టు వీర్యకణాలు, మధ్యలో బఠాణీ గింజలా గుండ్రంగా ఒక గుడ్డు. లేబులు తప్పు అంటించారనుకున్నా.

ఇక మీ సంగతి. ఆ మగవాటిని ఈ సీజన్లో ఎన్నిసార్లు వాడారు?

ఉప్పుటేరు:
కొంతకాలం తిలాపియా హేచరీలో చేశానన్నా. మిథైల్ టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కిలో మేతకి 60 మిల్లీగ్రాములు కలిపి 21 రోజులు పెట్టేవాళ్లం. ఆడపిల్లలూ మగవైపోయేవి. మేం డబ్బిచ్చి చేసినదాన్నే మురుగు ఊరికే తిరగేసి చేస్తే వింతేముంది? ఆ తొట్ల నీళ్లు ఎటు పోయేవో అప్పుడు నేనూ అడగలేదులే.

కొల్లేటికొంగ:
మాస్టారూ, దొరికిపోయాను. ఆ మగవాటికి నెల తిరక్కుండా రెండోసారి పిల్ల తీయడానికి హార్మోన్ ఇంజెక్షన్ చేశాం. ఆర్డర్లున్నాయి మరి.

మైక్రోస్కోపు మాస్టారు:
అయితే ముందు దాన్నే అనుమానించండి, వాటికి విశ్రాంతి ఇవ్వండి. నీళ్ల సంగతి తేలాలంటే ఈ సీజన్లో ఇంజెక్షన్ పడని మగవాటిని తీసుకుని, సగం డ్రెయిన్ నీళ్లలో, సగం మంచినీళ్లలో హాపాలు (వలగుడ్డ తొట్లు) కట్టి ఉంచండి. ఇంగ్లండ్‌లోనూ మొదట్లో ట్రౌట్లని బోనుల్లో పెట్టి మురుగు నీళ్లలో దించే పట్టుకున్నారు. తర్వాత రక్తం తీయించి వైటెల్లోజెనిన్ చూపించండి. మగదాని రక్తంలో అది బాగా ఉందంటే అల్లుడిదే గెలుపు.

కొల్లేటికొంగ:
ఈ పొద్దున కట్టేశానండి, అటు ఆరు, ఇటు ఆరు. కలిసిపోకుండా డ్రెయిన్ వైపు వాటికి రెక్క మొదట్లో ఎర్రదారం కట్టాను. అల్లుడు అప్పుడే పందెం కాశాడు.