వీరాపురం కొంగల దగ్గరికి శని, ఆదివారాల్లో పోవడం తప్పా?

బెంగళూరు బాబు (చర్చ మొదలుపెట్టింది):
మాది అనంతపురమే, ఉద్యోగం బెంగళూరులో. పోయిన వారం ఇంటామెను, పాపను తీసుకొని లేపాక్షిలో దిగి, ఆదివారం పొద్దున్నే చిలమత్తూరు మీదుగా వీరాపురం పోయాం. ఊరి మధ్యలో చింతచెట్ల నిండా కొంగలే. బైనాక్యులర్ కూడా అక్కర్లేదు, వీధిలో నిలబడి తల ఎత్తితే చాలు. ఎండ ఎక్కగానే ఒక తల్లి రెక్కలు చాపి గూట్లో పిల్లలకు నీడ పట్టింది. అరగంట అట్లే నిలబడింది. మా పాపా అంతే. ఒక పెద్దాయన "సైబీరియా నుంచి వచ్చినాయి, గట్టిగా మాట్లాడొద్దండి" అన్నాడు. ఆఫీసు గ్రూపులో ఫోటోలు, దారి పెడితే ఒకాయన "దారి చెప్పి ఆ ఊరిని పాడు చేస్తావా" అని తగులుకున్నాడు. తప్పేముందో మీరు చెప్పండి.

పిట్టల మాస్టారు:
దారి చెప్పడం తప్పు కాదు, సైబీరియా అనడం తప్పు. అవి ఎర్రకాళ్ల కొంగలు. పసుపు ముక్కు, నారింజ మొహం, తోక దగ్గర గులాబీ రంగు. మన దేశం, శ్రీలంక, తూర్పున కంబోడియా దాకా అవి ఉండే చోటు. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి, పిల్లల కాలానికి పెద్ద చెట్లు చూసుకుంటాయి. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చేవి వేరే, తల మీద రెండు నల్ల గీతలుండే బాతులు అలాంటివి. అవి ఇక్కడ గూడు కట్టవు. గుడ్లు పెట్టి పిల్లలను చేసే పక్షికి అదే పుట్టిల్లు కదా!

చింతమాను కింద:
మాది ఆ ఊరే సార్. పేపర్లో సైబీరియా అనే రాస్తారు, ఆఫీసర్లు వచ్చినా మైకులో అదే చెప్తారు. మీరొక్కరే కాదంటున్నారు.

పాత జిల్లా:
వీరాపురం ఇప్పుడు అనంతపురం జిల్లా కాదప్పా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

పిట్టల మాస్టారు:
మైకులో చెప్తే నిజమైపోతుందా? ముప్ఫై ఏళ్లు స్కూల్లో పాఠం చెప్పాను. పరీక్షలో ఒక పిల్లవాడు సైబీరియా అని రాస్తే మార్కు వేయలేదు. వాళ్ల నాయన పేపరు ముక్క పట్టుకొని గొడవకొచ్చాడు. ఆ రోజు నుంచి ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

హిందూపురం అక్క:
మా చెల్లెలు ఇంటికి దగ్గర్లో ఇట్లాంటి చెట్టే ఉంది. ఫోటోలో వాసన రాదు కాబట్టి అందరికీ బాగుంటుంది. కొంగ పిల్లల నోట్లోంచి జారిన చేపలు వాకిట్లో కుళ్లుతాయి. మిద్దె మీద వడియాలు పెట్టుకునే దారి లేదు, అంతా రెట్టే. అయినా ఎవరూ రాయి విసరరు. ఆడబిడ్డ పురిటికి వచ్చినట్టు చూసుకుంటారు.

లెన్స్ రాజా:
పోవడం ఏం తప్పు? నేను ఏడేళ్లుగా పక్షుల ఫోటోలు తీస్తున్నా. మరో చెరువు దగ్గర నన్ను దొంగ అనుకొని రెండు గంటలు కూర్చోబెట్టారు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఊళ్లవాళ్లకు అనుమానం ఎక్కువ. పక్షులు ఎవరి సొత్తూ కాదు.

చింతమాను కింద:
ఎవరి సొత్తూ కాదా? సరే అన్నా, ఇది విను. పోయిన ఏడు ఆదివారం పూట పది కార్లు వచ్చినాయి. ఒకటి మా గేటుకు అడ్డం పెట్టి పోయినారు, మా అవ్వను ఆసుపత్రికి తీసుకుపోదామంటే బయటికి పోయే దారే లేదు. ఇంకొకడు డ్రోన్ లేపినాడు. పెద్ద కొంగలన్నీ ఒక్కసారిగా లేచినాయి, ఈక కూడా సరిగా రాని పిల్లలు రెండు కింద పడినాయి. ఒకటి అక్కడికక్కడే పోయింది. రెండోదానికి మా తమ్ముడు మూడు రోజులు చెరువు చేపలు తెచ్చి పెట్టినాడు. డ్రోన్ వాడు వీడియోకు ఎన్ని లైకులు వచ్చినాయో చూసుకుంటూ ఉంటాడు.

లెన్స్ రాజా:
నాకు డ్రోన్ లేదు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

పిట్టల మాస్టారు:
గూళ్ల దగ్గర అలజడి చేయడం నేరమే, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అయినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. సైబీరియా అని ఎందుకు పట్టుకొని వేలాడుతున్నారు?

చింతమాను కింద:
చెప్తా సార్, మీకు అదే కావాలి కదా. సైబీరియా అంటేనే పేపరోడు వస్తాడు, ఆఫీసరు వస్తాడు. ఊరి కొంగలంటే ఎవడు తిరిగి చూస్తాడు? మాకు నాలుగు చింతచెట్లు ఉన్నాయి. చింతకాయ దులిపే కాలమూ గూళ్లు నిండే కాలమూ ఒకటే. కర్ర పెట్టలేం. కొట్టి అమ్ముకోలేం. ఎన్నేళ్లుగా పోతున్న పండుకు మాకు ఒక్క రూపాయి ఇచ్చినవాడు లేడు. వేల రూపాయలు పెట్టి రిసార్టులో దిగి, మా చెట్టు కింద ఉచితంగా నిలబడి, పైగా మాకు పక్షి పాఠం చెప్తారు!

హిందూపురం అక్క:
తమ్ముడూ, కోపం పక్కన పెట్టి చూడు. కర్ణాటకలో మండ్య దగ్గర కొక్కరె బెళ్ళూరులో ఇవే కొంగలు, ఇట్లాగే ఊళ్లోనే ఉంటాయి. అక్కడ చింతచెట్టు సొంతదార్లకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. 2007లో ఆ ఊరి చోటును కమ్యూనిటీ రిజర్వుగా, అంటే ఊరివాళ్లూ కలిసి కాపాడే రక్షిత చోటుగా ప్రకటించారు. అడగాల్సింది అది.

పిట్టల మాస్టారు:
నేను మొత్తుకునేదీ అదే కదయ్యా, అర్థం కావడంలేదు ఎవరికీ. సైబీరియా నుంచి వస్తాయంటే, రాకపోతే ఆ దేశం సంగతి అని ఊరుకుంటారు. ఇక్కడివే అంటే అప్పుడు మన చెరువుల్లో నీళ్లు ఉన్నాయా, చేపలు ఉన్నాయా అని అడగాలి. ఆ కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, తగిలిన చేపను పట్టుకుంటుంది. మడమలోతు నీళ్లు లేకపోతే దాని వేట లేదు. చెరువు ఎండితే గూట్లో పిల్ల చస్తుంది. అది పేపర్లో రాదు.

బెంగళూరు బాబు:
ఫోటోలు ఉంచి, దారి తీసేశాను. అన్నా, ఈసారి వస్తే కారు ఊరి బయటే పెట్టి నడిచి వస్తా. మీ ఇంట్లో భోజనం దొరుకుతుందా? డబ్బు ఇచ్చే తింటాం.

చింతమాను కింద:
రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ. డబ్బులు మా అవ్వకు ఇవ్వండి. డ్రోన్ మాత్రం తేవొద్దు.

పాత జిల్లా:
వాన పడేలోపల రండి, తర్వాత గూళ్లు ఖాళీ.

పిట్టల మాస్టారు:
ఊరి మొదట ఒక బోర్డు పెట్టాలి. సైబీరియా అని మాత్రం రాయొద్దు.

చింతమాను కింద:
బోర్డుకు డబ్బు మీరిస్తారా సార్?