అప్‌డేట్: జెనోవా చర్చిలు చూశాం

ఓడ ఎక్కేముందు ఇటలీలోని ఓడరేవు నగరం జెనోవాలో కొద్దిగా టైమ్ ఉంటుంది, అమ్మను తీసుకెళ్లి ఏ చర్చిలు చూడొచ్చని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, ఎక్కువమంది సాన్ లోరెంజో కెథడ్రల్ అన్నారు, ముందు అక్కడికే వెళ్లాం. ముఖద్వారం వైపంతా నలుపు తెలుపు రాతి చారలు. లోపల కుడివైపు ఒక పెద్ద ఫిరంగి గుండు పెట్టారు. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద కాల్పులు జరిపినప్పుడు ఇలాంటిదే గోడ చీల్చుకుని లోపలికొచ్చి పేలకుండా ఆగిపోయిందట, అందుకు మరియమాతకు కృతజ్ఞత చెబుతూ పక్కనే రాతిమీద చెక్కించారు. అమ్మ అక్కడినుంచి ఒక పట్టాన కదల్లేదు.

నాకు మాత్రం దగ్గర్లోని సాన్ మత్తేయో బాగా నచ్చింది. జెనోవాలో పేరున్న డోరియా వంశం వాళ్ల సొంత చర్చి, 1125లో కట్టించారు, తమ యుద్ధ విజయాలను ముందు గోడ తెల్ల చారల మీద చెక్కించుకున్నారు, మన రాజుల శాసనాల్లాగే! నౌకాధిపతి ఆండ్రియా డోరియా సమాధి కూడా ఇక్కడే, కింది గదిలో.

ఈ ఊళ్లోనే ఉన్న జెసూ చర్చిలో ప్రసిద్ధ చిత్రకారుడు రూబెన్స్ వేసిన చిత్రాలు రెండున్నాయి, వదలొద్దు. మధ్యాహ్నం చాలా చర్చిలు మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. పెద్దవాళ్లుంటే ఆ ఎత్తుపల్లాల సందుల్లో మెల్లగా నడిపించండి.