వెదురు బొంగులో లెమాంగ్ ఎలా వండాలి?

ప్రశ్న (అమలాపురం): మలేసియా సరవాక్‌లో పండక్కి జిగురు బియ్యంతో వండే లెమాంగ్ చేద్దామనుకుంటున్నాం. కొబ్బరి, అరిటాకు మన దొడ్లోవే. బొంగు చికెన్‌లా నిప్పుల మీద పెట్టేయడమేనా? అసలిది అక్కడి ఆదివాసులైన దయాక్‌లదా, మలయ్‌లదా?

రాజోలు: నిప్పుల మీద వద్దండీ, మాడిపోద్ది. మంట పక్కన ఇనప కడ్డీకి ఆనించి నిలబెట్టి, పావుగంటకోసారి తిప్పుతూ ఉండాలి. నాలుగు గంటలు పడుతుంది. పచ్చి వెదురే వాడండి, అడుగు కణుపు తెగకూడదు. లేత అరిటాకు ఈనె తీసి, సెగకి వాడ్చి, కర్రకి చుట్టి లోపలికి దింపి కర్ర లాగేయండి. ఆకు చిరిగిందా, అన్నం వెదురుకి అతుక్కుని ఊడిరాదు. జిగురు బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, వడకట్టి, వదులుగా పోసి, ఉప్పు కలిపిన చిక్కటి కొబ్బరిపాలు పొయ్యాలి. పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. కూరేస్తే పాలు పొంగిపోయి నడుమ బియ్యం పలుకుగా మిగుల్తాయి. స్వర్ణ బియ్యం పనికిరావు, ముక్క కొయ్యగానే విడిపోద్ది.

ముమ్మిడివరం: ఇద్దరూ వండుతారండీ. మలయ్ ముస్లిములు రంజాన్ పండక్కి రెండాంగ్ అనే మాంసం కూరతో తింటారు. దయాక్‌లలో ఒక తెగైన ఇబాన్‌లు కోతలయ్యాక జూన్ 1న వచ్చే గవాయ్‌కి వండుతారు. ఆ పండగలో మిరింగ్ అని దేవతలకీ పితరులకీ నైవేద్యం పెడతారు, అదే ముఖ్యం. అక్కడి చైనీయులైతే చాంద్రమానం ఐదో నెల ఐదో రోజున జిగురు బియ్యాన్ని వెదురు ఆకుల్లో పొట్లం కట్టి ఉడికిస్తారు.

రాజోలు: ఇంకోటండీ, దించగానే బొంగు చీల్చకండి. ఆరితేనే అన్నం గట్టిపడి ముక్కలు తెగుతాయి.