అన్నీ విశాఖకేనా? బెజవాడకు ఇంటర్ హాస్టళ్లేనా?

పటమట నాన్న:
మావాడు ఈ ఏడే బీటెక్ పూర్తి చేశాడు. విశాఖలో ఓ కంపెనీ పిలిచింది, నెలకు 22 వేలు. వాడు వెళ్తానంటాడు, వాళ్లమ్మ వద్దంటుంది. నా కడుపుమంట వేరే. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో మొదలైంది మన బెజవాడలోనే. 1930కల్లా వాల్తేరు వెళ్లిపోయింది. 2019లో రైల్వే జోన్ ప్రకటించారు. విజయవాడ, గుంటూరు డివిజన్లు అందులో ఉన్నాయి, హెడ్డాఫీసు మాత్రం విశాఖ. ఇప్పుడు గూగుల్ డేటా సెంటరూ అక్కడికే. రాష్ట్రంలో పిల్లలందరికీ ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ రుద్దేది మనం, ఉద్యోగాలు ఇంకో ఊళ్లోనా?

గాజువాక అల్లుడు:
అన్నా, సముద్రాన్ని ప్రకాశం బ్యారేజీ కిందికి తెచ్చుకోలేం కదా! పోర్టు 1933లో తెరిచారు. 1948లో అక్కడి షిప్‌యార్డులోనే జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మాది తెనాలి పక్క పల్లె, ఇక్కడికొచ్చి 12 ఏళ్లు. మా వరసలో ఒకింట్లో ఒడియా, పక్కింట్లో శ్రీకాకుళం యాస, మేడ మీద బీహారీ కుర్రాళ్లు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేటే ఉంది, రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్లది. వలసొచ్చినవాళ్లు కట్టుకున్న ఊరండీ ఇది. మీవాడూ ఒకడవుతాడు.

కృష్ణలంక 77:
అంత తేలిగ్గా అనేయకండి బాబూ. ఆ ఊరికి ఉక్కు ఊరికే రాలేదు. 1966 ఉద్యమంలో 32 మంది పోయారు. నిరాహార దీక్షకు కూర్చున్న అమృతరావు మన గుంటూరు జిల్లా మనిషే. ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్లలో ఆర్ కార్డు (నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగం కోసం ఇచ్చిన కార్డు) దాచుకుని ఇంకా ఉద్యోగం కోసం చూస్తున్న కుటుంబాలున్నాయి. తండ్రి పేరున కార్డు, కొడుక్కి నడివయసు దాటిపోయింది. ఇక డేటా సెంటరంటారా, 5 ఏళ్లలో 1500 కోట్ల డాలర్లన్నారు. కట్టేటప్పుడు పనుంటుంది. కట్టాక లోపల తిరిగేది మిషన్లు, మనుషులు కొద్దిమందే. కరెంటూ నీళ్లూ మాత్రం దండిగా కావాలి.

గుంటూరు మిర్చి:
ఏసీ గదిలో సర్వర్లు, ఎండలో మనవాళ్లు. మా యార్డే నయం, ఘాటుకి తుమ్ములొచ్చినా సాయంత్రానికి కూలి చేతిలో పడుతుంది.

పటమట నాన్న:
కృష్ణలంక గారూ, మీరన్నది కొట్టిపారేయలేను. ఒకటి చెప్తా. మా పక్క అపార్ట్‌మెంటుకి స్లాబ్ వేస్తున్నది పలాస ముఠా. సెల్లార్‌లోనే వంట, ఇటుకల మీద డేక్షా. మేస్త్రీని అడిగా, విశాఖ మీకు దగ్గర కదయ్యా, ఇంత దూరం ఎందుకని. "అక్కడ మావోళ్లే ఎక్కువైపోనారు బాబూ, ఇక్కడైతే రోజూ పనుంటాది" అన్నాడు. వాళ్లు అక్కణ్ణించి ఇక్కడికి, మావాడు ఇక్కణ్ణించి అక్కడికి! అన్నీ అక్కడికేనా అని మొదలెట్టింది నేనే. ఆ మేస్త్రీ మాట విన్నాక ఆ ఊపు కాస్త తగ్గింది. రైల్వే జోన్ విషయంలో మాత్రం తగ్గను.

కృష్ణలంక 77:
తగ్గొద్దు. పిల్లాణ్ణి మాత్రం పంపండి. నేను వద్దనలేదు, కంపెనీ వచ్చిందని చంకలు గుద్దుకోవద్దన్నానంతే. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో బాండ్ ఎన్నేళ్లో చూశారా?

పటమట నాన్న:
2 ఏళ్లు. ఆదివారం పొద్దున రత్నాచల్‌కి ఇద్దరికీ టికెట్లు తీశా. వాళ్లమ్మ ఇంకా మాట్లాడట్లేదు, కానీ నిన్న గోంగూర పచ్చడి కలిపి సీసాకెత్తింది. అల్లుడు గారూ, మీ గాజువాకలో రూం చూసి పెడతారా?

గాజువాక అల్లుడు:
ఆఫీసెక్కడ? రుషికొండ అయితే గాజువాక వద్దన్నా, బస్సులోనే జీవితం అయిపోతుంది. మద్దిలపాలెంలో ముగ్గురు కలిసి ఉంటే గిట్టుబాటవుతుంది. పచ్చడి రెండు సీసాలు తెండి.