సైన్యం కథ 43 పేజీలైంది, రెజిమెంటు ఇంకా పుట్టలేదు. ఎక్కడ కోయాలి, ఎలా ముగించాలి?

సందేహం:

అందరికీ నమస్కారం. చిన్న సైనికుల బొమ్మలకు రంగులు వేసి బల్ల మీద యుద్ధం ఆడే వార్‌హామర్ 40,000 మొదలుపెట్టి రెండేళ్లవుతోంది. నాది ఆస్ట్రా మిలిటారమ్, పాత ఆటగాళ్లు ఇంపీరియల్ గార్డ్ అనేది. 20 మంది కాల్బలం, ఐదుగురి కమాండ్ స్క్వాడ్, ఒక సెంటినెల్ (రెండు కాళ్ల మీద నడిచే యుద్ధ యంత్రం), ఒక లెమన్ రస్ ట్యాంకు ఉన్నాయి. కేడియా, కటాచాన్ లాంటి తయారుగా ఉన్న రెజిమెంట్లు వద్దనుకుని సొంత గ్రహం, సొంత రెజిమెంటు కల్పించడం మొదలుపెట్టాను. ఫైలు 43 పేజీలకు వచ్చింది. గ్రహానికి మూడు చందమామలు, పదకొండు రాజవంశాలు, ఒక లిపి కూడా ఉన్నాయి. రెజిమెంటు మాత్రం ఇంకా పుట్టలేదు, కర్నల్‌కు పేరైనా లేదు. కూర్చున్న ప్రతిసారీ ఏడో రాజవంశం దగ్గర సవరణలతోనే రాత్రి గడిచిపోతోంది.

దసరా తర్వాత హైదరాబాదులో మేం నలుగురం క్రూసేడ్ (ఆట వెంట ఆటగా ఒకే సైన్యం కథ సాగే పద్ధతి) మొదలుపెడుతున్నాం. తొలిరోజు ఎవరి సైన్యం కథ వాళ్లు చదివి వినిపించాలని ఒప్పందం. ఎక్కడ కోయాలో, ఎక్కడ ఆపాలో చెప్పండి. ఇంకొకటి, గ్రహానికీ మనుషులకీ తెలుగు పేర్లు పెడితే ఎబ్బెట్టుగా ఉంటుందా?

జవాబు:

తమ్ముడూ, ఆ 43 పేజీలు పారేయకు. దసరా దాకా మాత్రం ఆ ఫైలు తెరవకు. నువ్వు రాసింది గ్రహం చరిత్ర. బల్ల మీదికి వచ్చేది ఇరవై మంది జవాన్లు. ఎదురుగా కూర్చున్నవాడు వాళ్లను చూసి "వీళ్లెందుకు ఇలా ఉన్నారు?" అని అడుగుతాడు. కథ ఆ ప్రశ్నకు జవాబు చెబితే చాలు.

ఈ ఆట కథలో క్రీగ్ అనే గ్రహం ఉంది, దాని సైనికుల్ని చూడు. మొహానికి గ్యాస్ మాస్కు, పొడవాటి కోటు, కందకాలు తవ్వే పార. ఆ గ్రహాన్ని ఏలినవాళ్లు 433.ఎం40లో (అంటే 40వ సహస్రాబ్దిలో 433వ ఏట) ఇంపీరియం అనే మానవ సామ్రాజ్యం నుంచి విడిపోతున్నామని ప్రకటించారు. చక్రవర్తికి విశ్వాసంగా నిలబడ్డ 83వ రెజిమెంటు కర్నల్ జుర్టెన్ సొంత గ్రహం మీదే అణ్వాయుధాలు వేయించాడు. తర్వాత 500 ఏళ్లు అంతర్యుద్ధం. గాలి విషమైంది కాబట్టి మాస్కు వచ్చింది. నేల మీద బతకలేక కందకాల్లోకి, సొరంగాల్లోకి దిగారు. తాతల ద్రోహాన్ని ప్రాణాలతో తీర్చుకోవాలనుకుంటారు కాబట్టి చావుకు వెనకాడరు. బొమ్మ మీద కనిపించేదంతా ఆ ఒక్క తప్పులోంచే పుట్టింది. అంతకుముందు క్రీగ్‌లో ఎన్ని రాజవంశాలు ఏలాయో ఎవరూ అడగరు.

నా రెజిమెంటు కూడా అలాగే పుట్టింది. చిన్నప్పుడు శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర ఉప్పు మడులు చూసేవాణ్ణి. ఎండకు మడి తళతళలాడుతుంటే పొడవాటి కర్ర చివర చెక్క పలకతో ఉప్పును ఒడ్డుకు లాగేవాళ్లు. కళ్లు చిట్లించి, మొహానికి గుడ్డ చుట్టుకుని ఉండేవాళ్లు. ఆ గుడ్డే నా సైనికుల మొహాలకు చుట్టాను. గ్రహం పేరు కొఠార్, ఉప్పు కొఠారులోంచి తీసుకున్నది. ఇంపీరియానికి ఏటా ఉప్పు కప్పం కట్టాలి. ఒక ఏడాది తూకం తగ్గింది. తగ్గిన ఉప్పుకు బదులు మనుషుల్ని పట్టుకెళ్లారు. కొఠార్ 14వ రెజిమెంటు అంటే ఆ తూకంలో తగ్గిన మేర. నా కథ మొత్తం ఇంతే. ఐదేళ్లుగా ఆడుతున్నాను, దీనికి ఇంకో పేజీ కలపాల్సిన అవసరం రాలేదు.

(బొమ్మలు నిలబడే బేసుల మీద ముందు నిజం ఉప్పే చల్లాను. విశాఖ వానాకాలం గాలికి వారం తిరక్కుండానే చెమ్మగిల్లి, కింద వేసిన రంగంతా లేచిపోయింది. సన్నటి తెల్ల ఇసుక జిగురుతో అంటించి పైన వార్నిష్ కొడితే అదే రూపం వస్తుంది. నువ్వు ఉప్పు జోలికి పోవద్దు.)

పేర్ల సంగతికి వస్తే, ధైర్యంగా తెలుగు పేర్లు పెట్టు. ఇంపీరియంలో పది లక్షల గ్రహాలున్నాయని కథలోనే ఉంది. అన్నీ లాటిన్‌లాగే వినిపించాలని ఎక్కడా లేదు. నాదొక్కటే నియమం: దేవుళ్ల పేర్లు, కులాల పేర్లు, నిన్నమొన్నటి మనుషుల పేర్లు ముట్టుకోను. వాడుకలోంచి జారిపోయిన మాటలు, పనిముట్ల పేర్లు, ఊరి చివర వినబడే మాటలు వెతుకు. చివరి అచ్చు తీసేస్తే చాలాసార్లు పేరు దానంతటదే కుదురుతుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. నీ 20 మందినీ బల్ల మీద వరసగా నిలబెట్టి, వాళ్లలో ఏం తేడాలు కనిపిస్తున్నాయో ఇక్కడ రాయి. కథ నుంచి కాదు, కంటికి కనిపించేది రాయి.

మరో జవాబు:

నేను ఎక్కువగా రంగులు వేసే మనిషిని, అందుకని ట్యాంకు గురించి ఒక మాట. ఆట కథలో హోరస్ అనే సేనాని తిరుగుబాటు తర్వాత ఒక్క సేనాని చేతిలో నౌకలు, సైన్యం రెండూ ఉండకూడదని పాత ఇంపీరియల్ ఆర్మీని విడగొట్టి గార్డ్‌ను, నేవీని వేరు చేశారు. రెజిమెంట్లు కూడా ఎక్కువగా ఒకే రకం బలంతో కడతారు. కాల్బలం ఒకటి, ట్యాంకులు ఒకటి, ఫిరంగులు ఒకటి. ఒక రెజిమెంటు ఎదురు తిరిగినా ఒంటరిగా నెగ్గలేదు. కాబట్టి మీ కాల్బలం రెజిమెంటుకు సొంత ట్యాంకు ఉందని రాస్తే తెలిసినవాళ్లకు వెంటనే తగులుతుంది. ట్యాంకు ఇంకో గ్రహం నుంచి వచ్చి కలిసిందని పెట్టి, రంగు కూడా వేరేగా వేయండి. భాష కలవని ఇద్దరు ఒకే వంటశాలలో తినాల్సి వచ్చినట్టు ఉంటుంది, కథకు అదే బలం.

కాలం దగ్గర కూడా తికమక పడొద్దు. కేడియా 999.ఎం41లో కూలిపోయింది. ఆ వెంటే గ్రేట్ రిఫ్ట్ తెరుచుకుని గెలాక్సీ రెండుగా చీలింది. అవతలి సగమైన ఇంపీరియం నిహిలస్‌కు నౌకలకు దారి చూపే ఆస్ట్రోనోమికన్ వెలుగు అందదు. ఇంటి నుంచి కబురు లేని సైన్యం కావాలంటే గ్రహాన్ని అటువైపు పెట్టండి. అది ఉందో పోయిందో మీ సైనికులకే తెలియదు, మీరూ తేల్చక్కర్లేదు.

అడిగినవారు:

అన్నా, అక్కా, ధన్యవాదాలు. బల్ల మీద పెట్టి చూశాను. కనిపించిన తేడా ఒక్కటే. పన్నెండు మందికి కుడి భుజం కవచం ఎర్రగా ఉంది. మిగతా ఎనిమిది మందికి లేదు. రంగు డబ్బా మూత సరిగ్గా పెట్టక ఎండిపోయింది, అందుకే ఆగిపోయాను. కొత్త డబ్బా వచ్చింది, ఈ వారం వేసేస్తా.

జవాబు:

వేయొద్దు! నీ కథ అక్కడే ఉంది. ఆ పన్నెండు మందికి భుజం ఎందుకు ఎర్రగా ఉంది? ఎనిమిది మందికి ఎందుకు లేదు? 43 పేజీల్లోంచి ఒకే ఒక్క సంగతి తెచ్చుకుని దీనికి జవాబు రాయి. రెండు నిమిషాల్లో గట్టిగా చదివేలా ఉండాలి. ఆ సైన్యం ఎక్కడిది, ఏ రోజు ఇల్లు విడిచింది, ఏ పనికి సిగ్గుపడుతోంది, ఇవి వినేవాడికి తెలిస్తే చాలు. కర్నల్ పేరు కోసం ఆగకు.

అడిగినవారు:

మూడు రాత్రులు పట్టింది. మాది కాలువల ఊరు, లాకుల దగ్గరే పెరిగాను. చందమామల్ని మాత్రం ఉంచుకుని మిగతావన్నీ వదిలేశాను. ఇదిగో:

"మున్నీర్ గ్రహానికి మూడు చందమామలు. మూడూ ఒకే వరసలోకి వచ్చిన రాత్రి సముద్రం పట్నం మీదికి వస్తుంది. ప్రతి గోడ మీదా ఒక ఎర్ర గీత ఉంటుంది, పోటు అంతవరకే వస్తుందని. శత్రువు ఆ రాత్రే దిగాడు. లాకులు మూసేయమని కర్నల్ ఆజ్ఞ. బయట ఇంకా జనం ఉన్నారు. 7వ రెజిమెంటు లాకులు మూసింది. పన్నెండు మంది మాత్రం తలుపు అవతలే నిలబడి, చేతికి అందినవాళ్లను గోడ మీదికి ఎక్కించారు. నీళ్లు వాళ్ల కుడి భుజం దాకా వచ్చి ఆగాయి. పట్నం నిలిచింది. తెల్లారాక ఆ పన్నెండు మందీ గోడ మీది రంగు తీసి భుజానికి పూసుకున్నారు. కర్నల్ పేరు రెజిమెంటులో ఎవరూ పలకరు. తర్వాత చేరిన ఎనిమిది మంది ఆ రాత్రి ఎక్కడున్నారో ఎవరూ అడగరు."

ఇంకా రాయాలనే అనిపిస్తోంది. ఆ ఎనిమిది మంది లోపల లాకులు మూసినవాళ్లా, వేరే ఊరివాళ్లా అని చెప్పాలా?

జవాబు:

చెప్పకు. ఇంపీరియం మహాయోధులైన స్పేస్ మెరీన్ల తొలి దళాలు మొత్తం ఇరవై, వాటిలో రెండోదీ పదకొండోదీ ఏమయ్యాయో కథలో చెరిపేశారు. ఆ రెండు ఖాళీల గురించి ఆటగాళ్లు ఈనాటికీ రాత్రంతా మాట్లాడుకుంటారు. నీ ఎనిమిది మంది నీకు అలాంటి ఖాళీ. కర్నల్ పేరు కూడా అంతే. రెండేళ్లు నిన్ను ఆపిన లోటు ఇప్పుడు కథలో అన్నిటికంటే బరువైన వాక్యమైంది. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

మిగతా చరిత్ర క్రూసేడ్ చూసుకుంటుంది. 2020లో తొమ్మిదో ఎడిషన్‌తో వచ్చిన ఆ పద్ధతిలో దళాలు అనుభవం కూడగట్టుకుంటాయి, గౌరవాలు తెచ్చుకుంటాయి, దెబ్బతింటే మచ్చలు మోస్తాయి. ప్రతి ఆట అయ్యాక ఒక్క వాక్యం నోటుబుక్కులో రాసుకో. ఆ ఎనిమిది మందిలో ఎవరైనా నిలబడాల్సిన చోట నిలబడితే, ఆ రాత్రి వాడి ఒక్కడి భుజానికి ఎరుపు వెయ్యి.

మరో జవాబు:

చాలా బాగుంది. బేసుల మీద తడి మన్ను రంగు వేసి, పన్నెండు మందికి మాత్రం పైన నిగనిగలాడే వార్నిష్ పూయండి, నీళ్లలోంచి లేచి వచ్చినట్టుంటుంది. ఎనిమిది మంది బేసులు పొడిగా వదిలేయండి.

అడిగినవారు:

అలాగే చేస్తాను అక్కా. ట్యాంకు వాళ్లను ఎడారి గ్రహం నుంచి తెచ్చాను. ఇంత నీరు వాళ్లు ఎన్నడూ చూడలేదు. ఆదివారం ట్యాంకుకు ఇసుక రంగు మొదలుపెడతాను.